జెనోబేబా మెడలో గంట

అర్రిబెల్స్ రేవు,
ఏప్రిల్, బుధవారం

ఒట్సాబీదె ఇంటి ఇలారియో గారికి, వలలు బాగుచేసే కసిల్దా రాసుకునేది.

మీరు క్షేమంగా కొండెక్కారని తలుస్తాను. ఆదివారం మీ చర్చి ఫాదర్ గారి బస్సు హారన్ కొట్టగానే సగం సూపు గిన్నెలో వదిలేసి, నేనిచ్చిన మా ఆయన నీలం చొక్కా, నీలం ప్యాంటు ఒంటిమీద ఉండగానే మీరు పరిగెత్తారు. మీ కోటు, ప్యాంటు మా బాల్కనీలో ఉండిపోయాయి. రెండూ శుభ్రంగా ఆరాయి. శనివారం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ఆ రోజు మీ మీద కేకలేసినందుకు ఏమీ అనుకోకండి. అరవై దాటిన మనిషి రేవు గోడ చివర నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, "మా ఇల్లు అదుగో, ఆ కొండ వెనకాల" అని పక్కవాళ్ళకి వేలు పెట్టి చూపిస్తుంటే, అటుపక్క నుంచి ఇంత ఎత్తు అల లేస్తుంటే కేకలెయ్యక ఏం చేస్తాను? కాలర్ పట్టుకుని ఇవతలికి లాగాను కాబట్టి సరిపోయింది. తడిసి ముద్దయిపోయి, సముద్రాన్ని చూసి "ఇది ఎప్పుడు ఆగుతుందమ్మా?" అని అడిగారు చూడండి, మా రేవంతా ఇప్పటికీ అదే చెప్పుకుని నవ్వుతున్నారు.

ఇక అసలు సంగతి. మీ కోటు జేబులో గంట చూశాక నా కళ్ళు చెమర్చాయి. సముద్రం పట్టుకుని వదిలేసిన మనిషి ఏదో ఒక వస్తువు మొక్కుగా ఇవ్వడం మా రేవులో తాతల నాటి పద్ధతి. చర్చిలో ఇస్తారు, లేదంటే కాపాడిన ఇంటికి ఇస్తారు. మీరు కొండవారైనా మా పద్ధతి తెలుసుకుని, ఒక్కమాట కూడా చెప్పకుండా, మేమే చూసుకుంటామని జేబులో పెట్టి వెళ్ళారు. ఇంత పెద్ద మనసు మా రేవులోనే తక్కువ.

సోమవారం పొద్దున ఆ గంటని మా జెనోబేబా మెడలో కట్టాం. చలికాలం నుంచీ దాని కడుపు నిండింది లేదు. ఇక లాభం లేదని మా అబ్బాయి మార్సెల్ కాడ్ చేపల ఓడెక్కి సముద్రం అవతలున్న న్యూఫౌండ్లాండ్ పోతానని సంచి సర్దుకుని కూర్చున్నాడు. ఆ ఓడలెక్కి వెళ్ళిన మా తమ్ముడు ఇప్పటికీ తిరిగిరాలేదు. అలాంటిది సోమవారం గంట మోగించుకుంటూ వెళ్ళిన జెనోబేబా, మధ్యాహ్నానికి కడుపు నిండా నెత్తళ్ళ చేపలతో, బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి వచ్చింది! మంగళవారం కూడా అంతే. మార్సెల్ సంచి విప్పి చొక్కాలు బయట పెట్టాడు. మీ మేలు ఈ జన్మలో మరిచిపోను.

ఇట్లు,
మీ ఉపకారం పొందిన
కసిల్దా

తా.క.: నీలం బట్టలు వీలున్నప్పుడు పంపండి. తొందరలేదు. కానీ దయచేసి ఉతకకండి. ఎందుకని అడక్కండి.

*

ఒట్సాబీదె,
ఏప్రిల్, సోమవారం

కసిల్దా గారికి, గొర్రెల కాపరి ఇలారియో టోపీ తీసి రాయు ఉత్తరం.

దేవుడి దయవల్ల నేనూ, కుక్క పింటో క్షేమం. కోటు, ప్యాంటు అందాయి. మీరు పోసిన వెల్లుల్లి సూపు, ఆ చేప గొంతు కింది మెత్తని ముక్కలు, పుల్లటి చకోలి ద్రాక్షసారా ఇంకా నాలుక మీదే ఉన్నాయి. నన్ను సముద్రంలో పడకుండా లాగినందుకు రోజూ ప్రార్థనలో మీ పేరు చెప్పుకుంటున్నాను. ఇంటిపేరు తెలియక "నీళ్ళ పక్కనుండే కసిల్దా" అంటున్నాను. దేవుడికి తెలిసే ఉంటుంది.

గంట విషయం చదివి పొయ్యి పక్కనే చతికిలబడిపోయాను. మొక్కు అన్నారు, పెద్ద మనసు అన్నారు. మీ అబ్బాయి సంచి విప్పాడంటే నాకెంత సంతోషమో చెప్పలేను. అందుకని ఆ గంట గురించి నేనేమీ అనను. అననుగాని, ఇంట్లో మాత్రం ఎర్రెగీనాతో వేగలేకపోతున్నాను.

నేను ఆ నీలం బట్టల్లో ఇంటికొచ్చిన క్షణం నుంచి అది మనిషి మాట వినడం మానేసింది. ముందు దగ్గరికొచ్చి చొక్కా అంతా వాసన చూసింది. అప్పట్నుంచి గడప దగ్గరే, మొహం గోడవైపు పెట్టుకుని నిలబడుతోంది. పిలిస్తే రాదు, తోస్తే కదలదు, నన్ను చూస్తే గొంతెత్తి అరుస్తుంది. దాని బాధ నాకు తెలుసు. మెడ బోసిగా ఉంది. మెడలోది నా చేతులతో నేనే తీసి, బాగుచేయించాలని ఆ రోజు పట్టుకెళ్ళాను. బాగుచేయించాను కూడా. తిరిగి ఇంటికి మాత్రం తేలేదు. మే నెలలో మేమందరం దాని వెనకాలే అరలార్ కొండ మీదికి వెళ్ళాలి. అది అడుగేస్తేనే ఇంట్లో అందరూ కదులుతారు. కింద దాచుకున్నదంతా చలికాలంలోనే అయిపోయింది. పైకి వెళ్ళకపోతే అందరికీ పస్తులే.

మిమ్మల్ని ఏమీ అడగడంలేదు. ఊరికే కష్టం చెప్పుకున్నాను.

ఇంకొక్క మాట, తప్పుగా అనుకోకండి. మీ జెనోబేబా గారి మెడలో గంట కట్టారని చదివి మనసు కలుక్కుమంది. పెద్దావిడ అత్తగారా? ఎటైనా వెళ్ళిపోతారని భయమా? మా పక్కింటి ముసలావిడ కూడా చీకటిపడితే అడవిలోకి వెళ్ళిపోయేది. వాళ్ళు తలుపుకి గడియ పెట్టారుగాని గంట కట్టలేదు. ఆ వయసులో కడుపు పట్టినన్ని నెత్తళ్ళు పెడితే ఒక పక్కకి ఒరిగిపోక ఏమవుతుంది? పడుకునే ముందు గిన్నెడు వేడి పాలు చాలు.

ఇట్లు,
మీవల్ల బతికున్న
ఇలారియో

తా.క.: పొగ పట్టించిన జున్నుగడ్డ మీకు. ఉన్ని మేజోళ్ళు జెనోబేబా గారికి. పాదం కొలత తెలియక కాస్త పెద్దవే అల్లాను.

*

అర్రిబెల్స్ రేవు,
మే, గురువారం

ఇలారియో గారికి, కసిల్దా కోపంతో రాస్తున్నది.

జున్ను అమృతం. మేజోళ్ళు, వేడి పాల సంగతి చదివి వినిపిస్తే మార్సెల్, వాడి జట్టువాళ్ళు పొట్టచెక్కలయ్యేట్టు నవ్వారు. కొండవాళ్ళు ఇంత చమత్కారులని మాకు తెలియదు. జెనోబేబాకి వాటిని ఎక్కడ తొడగాలో తెలియక అందరికీ కనపడేట్టు పైన కట్టారు.

కానీ ఆ తరవాతి సంగతికి నాకు నవ్వు రాలేదు. మీ ఇంట్లో ఎర్రెగీనా ఉన్న సంగతి ఆ రోజు సూపు తాగుతూ ఒక్కసారైనా చెప్పారా? కుక్క పేరు చెప్పారు, కుక్క తల్లి పేరు కూడా చెప్పారు. ఇంటి ఇల్లాలి పేరు చెప్పలేదు! పరాయి మగాడి బట్టల్లో, పరాయి ఇంటి వాసనతో మొగుడు గుమ్మంలోకి వస్తే ఏ ఆడది ఊరుకుంటుంది? ఆవిడ స్థానంలో నేనుంటే గోడవైపు తిరిగి నిలబడేదాన్ని కాదు. చీపురు తీసుకునేదాన్ని.

ఇక్కడ నా పరిస్థితీ అలాగే ఏడిసింది. మా రేవులో బాల్కనీలని పేపరు చదివినట్టు చదువుతారు. మూడు రోజులు మీ ప్యాంటు నా బాల్కనీలో ఊగింది. చేపల బజారుకి వెళ్తే చాలు, "ఏమే కసిల్దా, వలలు బాగుచేస్తున్నావా, వేస్తున్నావా?" అని ఒకత్తి. "పడ్డది పెద్దదేనటగా, తాజాదేనా?" అని ఇంకొకత్తి. "తాజాదే, కానీ ఎముకలెక్కువ" అని నోరు మూయించాను. తొమ్మిదేళ్ళ నుంచి ఒంటరిగా ఉన్నదాన్ని, నవ్వుకుంటే నవ్వుకున్నారని ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త సరదాగానే ఉండింది. మీకు ఇల్లాలుందని తెలిశాక ఆ సరదా పోయింది.

అన్నింటికన్నా పెద్ద తప్పు, ఆడదాని మెడలోది తీసి పట్టుకెళ్ళి ఎక్కడో వదిలేసి రావడం! ఎక్కడ వదిలారో తెలుసు కదా? మొహమాటపడకుండా వెళ్ళి అడగండి. ఇంకొకరి మెడలోది తమ దగ్గర ఉంచుకుని హాయిగా నిద్రపోయేవాళ్ళు అసలు మనుషులేనా? నా ముందుకి వస్తే నాలుగు దులిపేస్తాను.

ఇట్లు,
కసిల్దా

తా.క.: ఎర్రెగీనా గారికి నా తలగుడ్డ ఒకటి పంపుతున్నాను. రేవులో కట్టుకునేదే, మంచిది. ఈ నాలుగు ముక్కలూ ఆవిడ ఎదురుగా నిలబడి గట్టిగా చదవండి: "అమ్మా ఎర్రెగీనా, నేను నీకు అక్కలాంటిదాన్ని. మీ ఆయన తడిసి వస్తే పొడిబట్టలిచ్చాను, సూపు పోశాను. అంతకు మించి ఏమీ జరగలేదు. ఆయన సగం సూపు వదిలేసి నీ దగ్గరికే పరిగెత్తాడు. మనసు మార్చుకుని మొహం ఇటు తిప్పు."

*

ఒట్సాబీదె,
మే, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

కసిల్దా గారికి, ఇలారియో సిగ్గుపడుతూ రాయునది.

మీరు చెప్పినట్టే ఎర్రెగీనా ఎదురుగా నిలబడి, టోపీ తీసి, గట్టిగా చదివాను. చెవులు రిక్కించి శ్రద్ధగా వింది. "మొహం ఇటు తిప్పు" అన్న దగ్గర నిజంగానే తిప్పింది. తరవాత తలగుడ్డ తినేసింది.

మొత్తం తినేసింది. అంచు కుట్టుతో సహా.

కసిల్దా గారూ, ఎర్రెగీనా గొర్రె. మా మందకి పెద్ద. మా కొండల్లో మందని నడిపించే గొర్రెకి మనిషి పేరే పెడతాం. అది ఎంత మామూలు సంగతంటే, మీకు తెలియకపోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. నాకు పెళ్ళి కాలేదు. కుర్రతనంలో ఒక పిల్లని అడుగుదామనుకున్నాను. మందని కొండ దించి వచ్చేసరికి ఆ పిల్లకి పెళ్ళయిపోయింది. ఆ మందని నడిపించింది ఎర్రెగీనా ముత్తవ్వ.

మీరు మొహమాటపడొద్దన్నారు కాబట్టి, ముఖం చెల్లకపోయినా అడుగుతున్నాను. దాని మెడలోంచి తీసి బాగుచేయించినది ఆ గంటే. బస్సు దారిలో ఆగిన ఊళ్ళో కంచరివాడి చేత బాగుచేయించి కోటు జేబులో వేసుకున్నాను. మొక్కు కాదు, మతిమరుపు. ఆ గంట చప్పుడు తప్ప మా మంద వేరే దేని వెనకా నడవదు. పక్క ఊళ్ళ మందలన్నీ పైకి వెళ్ళిపోయాయి. మావి మాత్రం కొట్టంలో నిలబడి చివరి ఎండుగడ్డి పరకలు నెమరేస్తున్నాయి. ఈ నెలాఖరుకి పైకి చేరకపోతే సగం మందని అమ్ముకోవాలి. మిగతా సగానికి ఎదురుపడి ఎలా నిలబడను?

అయినా, పెద్దావిడ మెడలోంచి లాక్కోమని నేననను. జెనోబేబా గారికి దాంతో ఆకలి పుడుతోందంటే, మీ అబ్బాయి ఇంటిపట్టున ఉంటున్నాడంటే, ఉంచెయ్యండి. నన్ను బతికించిన చేతులతో పోట్లాడను.

ఇట్లు,
ఇలారియో

తా.క.: తలగుడ్డ మాత్రం దానికి చాలా నచ్చింది. ఇంకొకటి ఉందేమోనని కవరు కూడా నాకింది.

*

అర్రిబెల్స్ రేవు,
మే, బుధవారం

ఇలారియో గారికి, కసిల్దా రాసుకునేది.

మీ ఉత్తరం వలల కొట్టంలో అందరి ముందూ చదివాను. చదివినదాన్ని చదివినట్టే నవ్వుతూ వలలో పడిపోయాను. ముగ్గురు లాగితే గాని పైకి లేవలేదు.

జెనోబేబా పడవండీ, పడవ! మా అత్తగారి పేరే పెట్టాం. ఆవిడ పోయి చాలా కాలమైంది. బతికున్నప్పుడు ఆవిడ మెడలో గంట కట్టే ధైర్యం ఈ రేవులో ఎవరికీ ఉండేది కాదు. పడవకి తల్లి పేరో, పెళ్ళాం పేరో పెట్టడం మాకెంత మామూలంటే, మీకు చెప్పాలని తట్టనే లేదు. నేను గొర్రెకి తలగుడ్డ పంపాను, మీరు పడవకి మేజోళ్ళు అల్లారు. మీ కొలత సరిగ్గానే ఉంది, పడవ స్తంభం కొసకి బాగా పట్టాయి.

నవ్వులు అయ్యాక మాత్రం మీకు నేను రాసిన మాట గుర్తొచ్చింది. ఇంకొకరి మెడలోది ఉంచుకుని నిద్రపోయేవాళ్ళు మనుషులా అని రాసింది నేనే కదా. నా మాట నాకే తిరిగి తగిలింది.

జట్టువాళ్ళు ఒప్పుకోలేదు. "గంట తీసేస్తే రేపు పడవ ఎక్కం, కసిల్దా పిన్నీ" అన్నారు. "కొండాయనకి ఇంకో గంట కొనిద్దాం" అన్నారు. "ఆ గొర్రెకి వేరే గంట వద్దట, మీకేమో వేరే గంటతో చేపలు పడవట, మీరూ ఆ గొర్రే ఒకటేనర్రా" అన్నాను. మార్సెలే వెళ్ళి గంట విప్పుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "అమ్మా, ఆయన మనకి ఇవ్వలేదు. మనమే తీసుకున్నాం" అన్నాడు. తరవాత మేడెక్కి, ఆ సంచి తీసి మంచం మీద పెట్టాడు.

గంట ఈ ఉత్తరంతోపాటే వస్తోంది. రేపు జెనోబేబా గంట లేకుండా బయల్దేరుతుంది. నాకు భయంగా ఉంది. భయంగా ఉన్నా పంపుతున్నాను. మీ ఎర్రెగీనాకి దారి లేకుండా చేసి, నా కొడుకుని ఇంట్లో ఉంచుకోలేను.

ఇట్లు,
కసిల్దా

తా.క.: మీకు పెళ్ళి కాలేదన్న వాక్యం బజారులో ఎవరికీ చదివి వినిపించలేదు. అయినా అందరికీ తెలిసిపోయింది.

*

అరలార్ కొండ, మా గడ్డిపాక,
మే ఆఖరు

కసిల్దా గారికి, ఇలారియో పైనుంచి రాస్తున్నది.

గంట అందింది. ఎర్రెగీనా మెడలో కట్టాను. గంట కొట్టాను. పింటో చేత అరిపించాను. అది కదలలేదు. నన్నూ, గంటనీ, కుక్కనీ ఒకసారి చూసి, మళ్ళీ మొహం గోడవైపు పెట్టుకుంది.

అప్పుడు నేను మొదటిసారి, అది చూస్తున్న గోడ చూశాను.

గోడకి మీ నీలం బట్టలు వేలాడుతున్నాయి. మీరు ఉతకొద్దన్నారు కదా, తెచ్చినవాటిని తెచ్చినట్టే గడప పక్కన మేకుకి తగిలించాను. ఎర్రెగీనా మెడ సాచి ఆ చొక్కా చెయ్యిని నాకుతోంది. ఉప్పు! ఏళ్ళ తరబడి సముద్రం పట్టిన బట్టలు, వాటిమీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. నేను పుట్టినప్పట్నుంచి జేబులో ఉప్పురాళ్ళు వేసుకుని గొర్రెల్ని తిప్పుతున్నవాణ్ణి. నా ఇంటి గోడమీద ఉప్పు మూట వేలాడదీసి, అది అలిగిందని మీకు ఉత్తరాలు రాశాను. అలకా లేదు, బెంగా లేదు. నోటి చాపల్యం! మీ తలగుడ్డ ఎందుకంత ఇష్టంగా తిన్నదో కూడా అప్పుడే వెలిగింది.

నీలం చొక్కా తొడుక్కున్నాను. గడప దాటాను. వెనక్కి చూడకుండా కొండ దారి పట్టాను. కాసేపటికి చెయ్యి తడిగా తగిలింది. ఎర్రెగీనా నా మోచేతికి అంటుకుని నడుస్తోంది. దాని వెనక మందంతా. ఏ ఏడూ ఇంత తొందరగా పైకి చేరలేదు. ఇక్కడ గడ్డి మోకాలెత్తు ఉంది. అవి తింటుంటే చూస్తూ కూర్చుని, మీకు దండం పెట్టుకున్నాను.

అందుకని గంట మళ్ళీ పంపుతున్నాను. ఈసారి మతిమరుపు కాదు, మొక్కే. జెనోబేబా మెడలో కట్టండి. మీ అబ్బాయి సంచి మంచం మీద ఉన్నట్టయితే, వెంటనే కట్టండి.

ఒక్క బాధ మిగిలింది. చొక్కా కుడిచెయ్యి మోచేతి దాకా లేదు. నమలడం నేను చూసుకోలేదు. మీరు ఉతకొద్దన్నది ఎందుకో నేనడగలేదుగాని, తెలియకుండా పోలేదు. ఆ చెయ్యి నేను అల్లిన ఉన్నితో తిరిగి కుట్టగలను. ఆ వాసన మాత్రం తెచ్చివ్వలేను. మన్నించండి.

ఇట్లు,
ఇలారియో

తా.క.: సముద్రం ఇక్కడికి కనిపిస్తుందని మా నాన్న అంటే నమ్మేవాణ్ణి కాదు. ఇవాళ మబ్బు విడిస్తే, చివర్న సన్నటి నీలిగీత కనిపించింది. ఇంకా ఆగలేదు.

*

అర్రిబెల్స్ రేవు,
జూన్

ఇలారియో గారూ,

మన్నించడానికి ఏముంది? మా ఆయన ఎవుస్తాకియో పోయాక ఆ బట్టల్ని తొమ్మిదేళ్ళు పెట్టెలో దాచి నేను చేసిందేమిటి, మూత తీసి, వాసన చూసి, ఏడ్చి, మూత వెయ్యడమేగా. మీరు తడిసి వచ్చిన రోజు ఆ పెట్టె ఎందుకు తెరిచానో ఇప్పటికీ తెలియదు. చేతికి అవే వచ్చాయి. ఆయన బతికినన్నాళ్ళూ చర్చి మెట్లకన్నా ఎత్తు ఎక్కలేదు. "ఎప్పుడైనా ఆ కొండలు చూడాలే" అంటుండేవాడు. ఇప్పుడు ఆయన చొక్కా అరలార్ మీద మందని నడిపిస్తోంది. చదివి చాలాసేపు ఏడ్చాను. పెట్టె దగ్గర ఏడ్చే ఏడుపు కాదిది. బట్టలు మీ దగ్గరే ఉండనివ్వండి. ఎర్రెగీనాకి ఎడమచెయ్యి కూడా పెట్టండి.

గంట లేకుండా వెళ్ళిన రోజు జెనోబేబా సగం కడుపుతో వచ్చింది. మర్నాడు నిండుగా వచ్చింది. మరి గంట లేకుండా ఎలా పడ్డాయని అడిగితే, జట్టువాళ్ళు పైకి చూపించారు. ఇప్పుడు అదంతా మీ మేజోళ్ళ మహిమట! పక్క పడవలవాళ్ళు కూడా అల్లించుకుంటున్నారు. రేవు చూస్తే పడవలన్నిటికీ జలుబు చేసినట్టుంది. మార్సెల్ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ సంచిలో నేను ఉల్లిపాయలు పోసుకున్నాను.

అందుచేత, గంట మళ్ళీ తిప్పి పంపుతున్నాననుకోకండి. దాన్ని కిటికీలో కట్టుకున్నాను. గాలి వీచినప్పుడల్లా మోగుతుంది. కిందనుంచి "ఎవరొచ్చారే కసిల్దా?" అని అడుగుతున్నారు. "ఇంకా రాలేదు" అంటున్నాను.

సెయింట్ పీటర్ పండక్కి మీ ఫాదర్ గారి బస్సు మళ్ళీ వస్తోందట. గిన్నెలో సగం సూపు బాకీ ఉంది.

ఇట్లు,
మీ కసిల్దా

తా.క.: ఈసారి రేవు గోడ ఎక్కి తడవనక్కర్లేదు. ప్యాంటు పొడిదైనా బాల్కనీలో ఆరేస్తాను.